ఇంజంక్షన్ కొట్టేశాక

చాలా సివిల్ దావాల్లో అసలు కథ తీర్పు రోజు దాకా ఆగదు. దావాతోపాటు వేసిన మధ్యంతర దరఖాస్తు మీద తాత్కాలిక ఇంజంక్షన్ వచ్చిందా, రాలేదా అన్న రోజునే కథ ఒక మలుపు తిరిగిపోతుంది. వచ్చిన ఇంజంక్షన్ గురించి ఊరంతా మాట్లాడుకుంటుంది. రానిదాని గురించి, దాని మీద అప్పీలుకు వెళ్తే పై కోర్టు ఎంత లోతుకు చూడాలన్నదాని గురించి కోర్టు ఆవరణ దాటి చర్చ జరగదు. కింద మాట్లాడేవాళ్లు ఒకే ఇంటివాళ్లు. మామయ్య జిల్లా జడ్జిగా రిటైరయ్యారు. మేనకోడలు జిల్లా కోర్టులో సివిల్ కేసులు చూస్తుంది. నా మొగ్గు ఎటో దాచుకోను. మధ్యలో ఒకచోట నేనే చెబుతాను.

మేనకోడలు: మామయ్యా, ఒక ఉదాహరణ తీసుకుందాం. ఫలానావాళ్ల కేసు అని కాదు, ఏ జిల్లాలోనైనా ఉండేదే. నాలుగెకరాల మామిడి తోట. రెవెన్యూ రికార్డుల్లో, అంటే అడంగల్లో, 1-బిలో, వాది పేరుంది. ప్రతివాది చేతిలో రిజిస్టరైన సేల్ డీడ్ ఉంది. పొక్లెయిన్ గట్టు దాకా వచ్చింది. వాది దావా వేసి, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39, రూల్స్ 1, 2 కింద మధ్యంతర దరఖాస్తు, అంటే ఐ.ఏ., పెట్టాడు. జూనియర్ సివిల్ జడ్జి ఇరుపక్షాల వాదన విని రెండు పేరాల్లో కొట్టేశారు. ప్రాథమికంగా కేసు లేదట, చెట్లు పోతే నష్టపరిహారం అడుక్కోవచ్చట. మేం దానిమీద అప్పీలు, అంటే సి.ఎం.ఏ., వేశాం. అక్కడ 'కింది కోర్టు తన విచక్షణ వాడింది, మేం జోక్యం చేసుకోం' అన్నారు. ఇది న్యాయమేనా?

మామయ్య: ఆ మాట అనాల్సిన చోట అంటే న్యాయమేనమ్మా. ఇంజంక్షన్ ఇచ్చినా, ఇవ్వకపోయినా ఆర్డర్ 43, రూల్ 1(ఆర్) కింద అప్పీలు ఉంది. కాదనను. కానీ అది కేసును మళ్లీ మొదటినుంచి వినే అప్పీలు కాదు. 1990లో వాండర్, ఆంటాక్స్ కంపెనీల కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. విటమిన్ కలిపిన కాల్షియం మాత్రలు, వాటి పేరు కాల్-డి-సి. వాటిని తయారుచేసే పని వాండర్ ఆంటాక్స్‌కు అప్పగించింది, తర్వాత తీసేసి ఇంకొకరికి ఇచ్చింది. ఆంటాక్స్ కోర్టుకెక్కి ఆ పేరు వాడకంవల్ల తనదైందంది. మద్రాసు హైకోర్టు సింగిల్ జడ్జి ఇంజంక్షన్ ఇవ్వనన్నారు. డివిజన్ బెంచి ఇచ్చింది. సుప్రీంకోర్టు బెంచి ఉత్తర్వును కొట్టేసింది. కింది జడ్జి ఏకపక్షంగానో, అసంబద్ధంగానో, స్థిరపడిన సూత్రాలను పక్కనపెట్టో నిర్ణయిస్తే తప్ప అప్పీలు కోర్టు తన విచక్షణను తెచ్చి ఆ స్థానంలో పెట్టకూడదంది. ఆ రికార్డు మీద అలాంటి అభిప్రాయానికి రావడానికి వీలుంటే చాలు. నేనైతే వేరేలా చూసేవాణ్ని అన్నది కారణం కాదు.

మేనకోడలు: ట్రయల్ జడ్జికి అంత విలువ ఎందుకిస్తామో కూడా చూడాలిగా. ఆయన సాక్షిని కళ్లారా చూస్తారు, క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎక్కడ తడబడ్డాడో గమనిస్తారు. పై కోర్టు చేతికి కాగితం మీది మాట మాత్రమే వస్తుంది. అందుకే ఆ గౌరవం. కానీ ఐ.ఏ.లో సాక్షి ఎక్కడున్నాడు? అఫిడవిట్, కౌంటర్, ఎక్స్ పి-1 నుంచి వరసగా కాగితాలు. ఆ కట్టే పైకి వస్తుంది. కింది జడ్జి చదివిన అడంగల్‌నే జిల్లా జడ్జీ చదువుతారు. కింది కోర్టు చూసింది, పై కోర్టు చూడలేనిది ఇందులో ఏముంది?

మామయ్య: కొంత ఉంది. అడ్వొకేట్ కమిషనర్‌ను పంపి రిపోర్టు తెప్పించుకున్నది ఆ జడ్జే. కౌంటర్ వేయకుండా వాయిదాలు లాగింది ఎవరో, మొదటి రోజే కాగితాలన్నీ టేబుల్ మీద పెట్టింది ఎవరో ఆయన చూశారు. అయితే నేను దానిమీద ఆధారపడను. నా కారణం వేరు. సి.ఎం.ఏ. పడిందంటే దావా నడక ఆగిపోతుంది. ఆపమని చట్టం అనలేదు. కానీ రికార్డు పైకి తెప్పిస్తారు. కింద వాయిదా వచ్చినప్పుడల్లా 'పైన పెండింగ్‌లో ఉంది' అని లాయర్లు నిలబడతారు. ఇష్యూలు ఖరారు కావు, సాక్షి బోనెక్కడు. ఐదేళ్ల తర్వాత చూస్తే ఇరుపక్షాలూ పోరాడింది ఐ.ఏ. మీదే, దావా మీద కాదు. పై కోర్టు ప్రతి ఐ.ఏ.నీ మళ్లీ తూకం వేస్తానంటే ఇది ఇంకా పెరుగుతుంది. ఓడినవాడికి ఇంకోసారి అదృష్టం పరీక్షించుకునే చోటు దొరుకుతుంది, అంతే.

మేనకోడలు: అప్పీలంటే ఇంకోసారి చూడమనేగా. చట్టమే ఇచ్చిన హక్కును అదృష్టం అంటారేం?

మామయ్య: చూడమనే. ఏమి చూడాలన్నదే ప్రశ్న. నూజివీడు సీడ్స్ కేసు నీకు తెలుసుగా, మన హైదరాబాద్ కంపెనీ. బీటీ పత్తి పేటెంటు మీద మోన్సాంటో ఢిల్లీ హైకోర్టులో దావా వేసింది. 2017 మార్చిలో సింగిల్ జడ్జి ఇంజంక్షన్ దరఖాస్తు మీద ఒక మధ్యేమార్గం చెప్పారు. దావా తేలేదాకా ఒప్పందానికి కట్టుబడి ఉండండి, ప్రభుత్వం నిర్ణయించిన రేటే కట్టండి అన్నారు. రెండు పక్షాలూ అప్పీలుకు వెళ్లాయి. 2018 ఏప్రిల్‌లో డివిజన్ బెంచి ఏకంగా పేటెంటే చెల్లదని తేల్చేసింది. సాక్ష్యం లేదు, నిపుణుల విచారణ లేదు. జన్యువు, విత్తనం, మొక్క అంటూ శాస్త్రం తెలిసినవాళ్లే వాదులాడుకునే విషయాన్ని ఇంజంక్షన్ అప్పీల్లో ముగించేశారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని రద్దుచేసి, సింగిల్ జడ్జి ఉత్తర్వును నిలబెట్టి, విచారణ జరపమంది. పత్తి రైతు కట్టే విత్తనం ధరతో ముడిపడిన వివాదం అది. రెండేళ్లు ఐ.ఏ. దగ్గరే ఆగిపోయింది. అప్పీలు కోర్టు హద్దు దాటితే ఏమవుతుందో అది.

మేనకోడలు: హద్దు దాటొద్దు, ఒప్పుకుంటాను. టైటిల్ తేల్చమని నేనూ అడగను. కానీ మీరు చెప్పే నియమాన్ని ఇచ్చిన ఇంజంక్షన్‌కూ, ఇవ్వని ఇంజంక్షన్‌కూ ఒకే కొలతతో వాడుతున్నారు. ఈ రెండూ సమానం కావు మామయ్యా. ఇంజంక్షన్ ఇస్తే ప్రతివాది ఆగుతాడు. అప్పీల్లో గెలిస్తే మళ్లీ మొదలుపెడతాడు. అతనికి ఆలస్యం నష్టం. ఇవ్వకపోతే చెట్లు పోతాయి. అప్పీల్లో నేను గెలిచిన రోజున కాపాడటానికి తోట ఉండదు. నలభై ఏళ్ల చెట్టును ఏ డిక్రీ మళ్లీ నిలబెట్టగలదు?

ఇక్కడ నేను కల్పించుకోవాలి. కోర్టు తిరగని పాఠకులకు ఈ తేడా చప్పున అందదు. ఇంజంక్షన్ ఇచ్చిన ఉత్తర్వు మీద అప్పీలు వేసినవాడు ఆర్డర్ 41, రూల్ 5 కింద ఆ ఉత్తర్వుకు స్టే అడగొచ్చు. స్టే వస్తే ఇంజంక్షన్ నిద్రపోతుంది. మరి ఇంజంక్షన్‌ను నిరాకరించిన ఉత్తర్వుకు స్టే ఇస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. 'ఇవ్వను' అన్న మాటను ఆపినంతమాత్రాన 'ఇచ్చాను' అన్న మాట పుట్టదు. అందుకే వాది అప్పీలు కోర్టులో కొత్తగా, మొదటినుంచి, అప్పీలు తేలేదాకా ఇంజంక్షన్ అడగాలి. ఆ అధికారం ఉంది. కింది కోర్టుకున్న అధికారాలన్నీ అప్పీలు కోర్టుకూ ఉంటాయని సివిల్ ప్రొసీజర్ కోడ్ 107(2) సెక్షన్ చెబుతుంది. కానీ కింద ఓడిపోయి వచ్చిన మనిషి అది అడగ్గానే 'కింది కోర్టు ప్రాథమికంగా కేసే లేదంది కదా' అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. నిరాకరించిన ఉత్తర్వు ఎవరూ అమలుచేయకుండానే అమలైపోతుంది. కేసు లోతుపాతుల విషయంలో నేను మామయ్య పక్షం. ఈ మొదటి రోజు సంగతిలో మాత్రం మేనకోడలి పక్షం.

మామయ్య: చెట్టు మాట నిజమే. కానీ నిరాకరణ అంటే ఒకరికి అన్యాయం జరిగినట్టే అనుకోకు. ఆ ఉత్తర్వు అవతలివాడికి రక్షణ. రిజిస్టరు చేయించుకుని, బ్యాంకు లోను తెచ్చుకుని, వడ్డీ కడుతూ కూర్చున్న మనిషి ఉంటాడు. జేబులో ఇంజంక్షన్ ఆర్డర్ పెట్టుకుని రాజీకి ఎంత ఇస్తావని బేరమాడేవాళ్లను నేను చూశాను. కింది జడ్జి ఒకసారి ధైర్యంగా కాదన్నాక, పై కోర్టు సులువుగా అవునంటే ఆ జడ్జి ఇకమీదట కాదనడు. అప్పీల్లో ఎలాగూ పోతుంది, మనకెందుకని ఇచ్చేస్తాడు. కాదనే ధైర్యం కింది కోర్టులో నిలవాలంటే పై కోర్టు చేయి వెనక్కి ఉండాలి.

మేనకోడలు: అందుకని కారణం రాయని కాదుకు కూడా ఆ కవచం ఇవ్వాలా? బ్లూమ్‌బర్గ్, జీ కేసు చూడండి. ఇంజంక్షన్ ఇచ్చిన కేసే, ఇవ్వని కేసు కాదు, అయినా పాఠం ఒకటే. జీ మీద బ్లూమ్‌బర్గ్ ప్రచురించిన ఒక వార్తా కథనాన్ని తీసేయమని 2024 మార్చి 1న ఢిల్లీలో అదనపు జిల్లా జడ్జి ఎక్స్ పార్టీగా, అంటే అవతలి పక్షాన్ని వినకుండానే, ఆదేశించారు. మార్చి 14న హైకోర్టు ఆ ఉత్తర్వును నిలబెట్టింది. మార్చి 22న సుప్రీంకోర్టు రెండింటినీ రద్దుచేసింది. ప్రాథమిక కేసు, ఇబ్బందుల తూకం, పూడ్చలేని నష్టం అన్న మూడు పరీక్షల పేర్లు చెప్పారు తప్ప వాటిని ఈ కేసు వాస్తవాలకు పెట్టి చూడలేదంది. విచక్షణలో జోక్యం వద్దన్న సూత్రం అలాంటి ఉత్తర్వును కాపాడలేదు. మన తోట కేసులో ఆ రెండు పేరాలూ అలాంటివే కదా? 'ప్రాథమికంగా కేసు లేదు' అన్నారు. అడంగల్ ఎందుకు చాలలేదో రాయలేదు. సేల్ డీడ్ ఇచ్చినవాడికి ఆ భూమి ఎలా వచ్చిందో అడగలేదు.

మామయ్య: అలాంటి ఉత్తర్వును నేను సమర్థించను. వాండర్ నియమంలోనే దానికి తలుపుంది. స్థిరపడిన సూత్రాలను పట్టించుకోకపోతే అది విచక్షణే కాదు. కారణం లేని ఉత్తర్వులో విచక్షణ వాడిన ఆనవాలే లేదు.

మేనకోడలు: ఆ తలుపు మీరు తెరుస్తారు. చాలాచోట్ల తెరవరు. వాండర్ పేరు రాసి, కింది ఉత్తర్వులో పేరాలు ఎత్తిరాసి, 'జోక్యానికి కారణం కనిపించలేదు' అని ముగిస్తారు. ఇంకో సంగతి చూడండి. బ్లూమ్‌బర్గ్ కేసులో మార్చి మొదటి తారీఖున కింది కోర్టు ఇంజంక్షన్ ఇచ్చింది, ఇరవై రెండో తారీఖుకు సుప్రీంకోర్టు తేల్చేసింది. నిరాకరణ సంగతి వేరు. బ్లెండర్స్ ప్రైడ్, లండన్ ప్రైడ్ విస్కీల ట్రేడ్‌మార్కు గొడవలో ఇండోర్ కమర్షియల్ కోర్టు 2020 నవంబరులో ఇంజంక్షన్ నిరాకరించింది. మధ్యప్రదేశ్ హైకోర్టు అదే మాట 2023 నవంబరులో అంది. సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో అంది. నిరాకరణ సరైనదని తేలడానికి దాదాపు ఐదేళ్లు. బ్లెండర్స్ ప్రైడ్ అమ్మే అంతపెద్ద కంపెనీకి ఆ ఐదేళ్లు లెక్కల పుస్తకంలో ఒక వరుస. మామిడి రైతుకు ఐదు కాపులు.

మామయ్య: ఆ విస్కీ కేసును నేను నా పక్షాన చెప్పుకుంటాను. మూడు కోర్టులూ ఒకే మాటన్నాయి. కింది జడ్జి మొదటిరోజు చూసింది ఐదేళ్ల తర్వాత కూడా నిలబడింది. ఇంకా వెనక్కి వెళ్దాం. లండన్‌లో హాడ్‌మోర్ అనే టీవీ కార్యక్రమాల కంపెనీ కార్మిక సంఘం ప్రతినిధుల మీద ఇంజంక్షన్ అడిగింది. కింది జడ్జి ఇవ్వలేదు. లార్డ్ డెన్నింగ్ ఉన్న అప్పీలు కోర్టు ఇచ్చింది. 1982లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్ని తిప్పేసింది. 1990లో మద్రాసు నుంచి వచ్చిన వాండర్ కేసూ అదే దారి. మొన్న 2022లో కలకత్తా నుంచి శ్యామ్ స్టీల్ కేసూ అంతే. సింగిల్ జడ్జి వెంటనే ఇంజంక్షన్ ఇవ్వలేదు, బెంచి ఇచ్చింది, సుప్రీంకోర్టు బెంచి ఉత్తర్వును రద్దుచేసింది. మధ్యలో కూర్చున్న కోర్టుకు ఈ ఆకర్షణ సహజం. ఆ జడ్జి స్థానంలో నేనుంటే అనిపిస్తుంది. ఆ అనిపించడాన్ని అదుపులో పెట్టుకోవడమే అప్పీలు జడ్జి పని.

మేనకోడలు: మీరు చెప్పిన మూడూ వ్యాపారం గొడవలే. ట్రేడ్‌మార్కు, టీవీ ప్రసారం, స్టీలు. అమ్మకం పడిపోతే లెక్కకట్టి కట్టించొచ్చు. నేల విషయానికొస్తే సుప్రీంకోర్టు గొంతు వేరుగా ఉంది. 2004లో మహర్వాల్ ఖేవాజీ ట్రస్టు కేసు. ట్రయల్ కోర్టు ఉన్నది ఉన్నట్టే ఉంచమని స్టేటస్ కో ఇచ్చింది. అప్పీలు కోర్టు దాన్ని తీసేసి, ప్రతివాది తన రిస్కు మీద కట్టుకోవచ్చంది. హైకోర్టు సరేనంది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. దావా నడుస్తుండగా ఆస్తి స్వరూపం మారనివ్వకూడదు, మారనిస్తే చివరికి గెలిచినవాడు నష్టపోతాడు, ఒక దావా పోయి నాలుగు దావాలు పుడతాయి అని స్టేటస్ కోను నిలబెట్టింది. పరిహారం ఇస్తే సరిపోతుందన్న తేలిక మాట అక్కడ చెల్లలేదు.

మామయ్య: అక్కడ ట్రయల్ కోర్టు ఇచ్చింది, అప్పీలు కోర్టు తీసేసింది. అంటే కింది కోర్టు మాటనే నిలబెట్టారు. జాగ్రత్తగా చదివితే అదీ నా కేసే.

మేనకోడలు: ఫలితం మీది, కారణం నాది. ట్రయల్ జడ్జిని గౌరవించాలని వాళ్లు ఆ ఉత్తర్వు నిలబెట్టలేదు. ఆస్తి మారిపోతుందని నిలబెట్టారు.

మామయ్య: (కొంచెం ఆలోచించి) సరే, ఆ కారణం బలమైనదే. మరి నీ నియమం ఏమిటో చెప్పు. జోక్యం వద్దన్నదాన్ని కొట్టేసి దాని చోట ఏం పెడతావు?

మేనకోడలు: కొట్టేయను. రెండుగా విడదీస్తాను. కేసు ఉందా, హక్కు ఎటు మొగ్గుతోంది అన్నదాంట్లో కింది జడ్జి అభిప్రాయం సాధ్యమైనదైతే వదిలేయండి. కానీ నష్టం పూడ్చగలిగేదా, కాదా అన్నది ప్రతిసారీ పై కోర్టు తన కళ్లతో చూడాలి. అది విచక్షణ కాదు, వాస్తవం. చెట్టు నరికితే తిరిగి వస్తుందా, రాదా అన్నదానికి రెండు సాధ్యమైన జవాబులు లేవు. పైగా మాకున్నది ఈ ఒక్క అప్పీలే. 104(2) సెక్షన్ రెండో అప్పీలును మూసేసింది. హైకోర్టుకు వెళ్తే రాజ్యాంగం 227 అధికరణం కింద సివిల్ రివిజన్ పిటిషన్, అంటే సి.ఆర్.పి., అది ఇంకా ఇరుకు. ఉన్న ఒక్క తలుపు దగ్గర కూర్చున్న జడ్జి లోపలికి తొంగిచూడనంటే ఎలా?

మామయ్య: ప్రతి వాదీ తన నష్టం పూడ్చలేనిదేనంటాడమ్మా. రెండు సెంట్ల ప్రహరీ గోడ కూడా పూడ్చలేని నష్టమే వాళ్లకు. నువ్వు గీసిన గీత నెల తిరక్కుండా చెరిగిపోతుంది.

మేనకోడలు: చెరిగితే మళ్లీ గీయాలి. దానికే జడ్జీలున్నారు.

మామయ్య: నేను సి.ఎం.ఏ.లు విన్నన్నాళ్లూ ఏం చేశానో చెబుతాను, ఒప్పుకుంటావో లేదో చూడు. నిరాకరణ మీద అప్పీలు రాగానే మొదటి రోజే ఒక్కటే చూసేవాణ్ని. విచారణ తేదీకి ఈ వస్తువు ఇలాగే ఉంటుందా? ఉండదనిపిస్తే నోటీసుతోపాటు కొద్దిరోజుల స్టేటస్ కో. తమను వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే కేవియట్ వేసి ఉంటే అవతలి పక్షాన్ని ఆ రోజే విని. కేసు బలం గురించి అక్షరం రాసేవాణ్ని కాదు. దావా ఆగొద్దని, ఇష్యూలు ఖరారు చేయమని అదే ఉత్తర్వులో కింది కోర్టుకు రాసేవాణ్ని. తర్వాత సి.ఎం.ఏ. వినేటప్పుడు మాత్రం వాండర్ గీత దాటేవాణ్ని కాదు.

మేనకోడలు: మొదటి సగానికి దణ్ణం పెడతాను. అది అందరూ చేస్తే సగం గొడవ తీరుతుంది.

మామయ్య: ఇంకో షరతు కూడా ఉండేది. ఇంజంక్షన్ అడిగినవాడు, చివరికి ఓడితే అవతలివాడి నష్టం భరిస్తానని రాసిమ్మనేవాణ్ని. 1995లో గుజరాత్ బాట్లింగ్, కోకాకోలా కేసులో సుప్రీంకోర్టు ఆ దారి చూపింది. మన జిల్లా కోర్టుల్లో దాన్ని అడిగేవాళ్లే కనబడరు.

మేనకోడలు: కోకాకోలా రాసిస్తుంది. నా రైతు ఏం పెట్టి రాసిస్తాడు? ఆ తోటే పెట్టాలి. డబ్బున్నవాడికే మధ్యంతర రక్షణ అన్నట్టవుతుంది.

మామయ్య: పూచీ మొత్తం ఎంతన్నది కోర్టు చేతిలో ఉంది. రూపాయి డిపాజిట్ లేకుండా ఒట్టి హామీ పత్రమైనా చాలు. కోర్టు దగ్గర సంతకం పెట్టాక మనిషి అబద్ధపు దావాకు కొంచెం వెనకాడతాడు. దాన్ని నేను వదలను.

మేనకోడలు: హామీ పత్రం వరకైతే సరే. కానీ చివరిది చెప్పండి. ఆ రెండు పేరాల ఉత్తర్వు మీ ముందుకొచ్చింది. కారణాలు లేవు. మీరే తేలుస్తారా, రిమాండ్ చేస్తారా?

మామయ్య: రిమాండ్. కారణం రాయాల్సినవాడే రాయాలి. కాగితాలు నా దగ్గరున్నాయి కదా అని నేనే మొదటి జడ్జిని అయిపోతే, ఓడినవాడికి అప్పీలే లేకుండా పోతుంది.

మేనకోడలు: నేనైతే మీరే తేల్చాలంటాను. 107 సెక్షన్ మీకు ఆ అధికారం ఇచ్చింది. కాగితాలన్నీ ముందున్నప్పుడు వెనక్కి పంపడమంటే ఇంకో ఆరు నెలలు, ఇంకో ఐ.ఏ., ఇంకో సి.ఎం.ఏ. ఈలోగా పొక్లెయిన్‌కు ఎవరు కాపలా?

మామయ్య: రిమాండ్ ఉత్తర్వులోనే స్టేటస్ కో రాస్తాను. కింది కోర్టు మళ్లీ కారణాలతో నిర్ణయించేదాకా.

మేనకోడలు: అలా రాయని జడ్జి దగ్గర? ఒట్టి రిమాండ్ చేసి ఫైలు మూసేస్తే?

మామయ్య: అప్పుడు సి.ఆర్.పి. వెయ్యి. అక్కడ విచక్షణ గురించి ఒక్క మాట ఎత్తకు, ఎత్తావా నేను చెప్పిన మాటలే నీకు తిరిగి వినిపిస్తారు. చేతిలో అధికారం ఉండీ వాడలేదని రాయి. వస్తువు పోయాక అప్పీలుకు అర్థం లేదని తెలిసీ ఊరకున్నారని రాయి. 227 కింద హైకోర్టు వినేది ఆ వాదనే. తోట ఫొటోలు తేదీతో సహా జతచెయ్యి.

మేనకోడలు: ఫొటోలు ఐ.ఏ.తోనే పెట్టాం మామయ్యా. ఆ రెండు పేరాల్లో వాటి ప్రస్తావనే లేదు.

మామయ్య: అయితే గ్రౌండ్స్‌లో మొదటిది అదే రాయి.